ఐదు నిమిషాల మంటలో కోబాల్ట్ నీలం: సొల్యూషన్ కంబష్చన్ పద్ధతి ఎలా చేయాలి

కోబాల్ట్ నీలం అనే రంగుపొడిని పాత పద్ధతిలో చేయాలంటే కోబాల్ట్ ఆక్సైడ్, అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) పొడులను కలిపి నూరాలి. 1200 డిగ్రీల పైన గంటల తరబడి కాల్చాలి. రంగు సమంగా రాకపోతే మళ్లీ నూరి మళ్లీ కాల్చాలి. మన కాలేజీ ల్యాబుల్లో ఉండే మఫిల్ ఫర్నేసులు (కరెంటు కొలిములు) చాలావరకు 1000 దగ్గరే ఆగిపోతాయి, కాబట్టి ఆ దారి మనకు మొదట్లోనే మూసుకుపోతుంది.

అదే రంగు 500 డిగ్రీలకు వేడి చేసిన ఫర్నేసులో ఐదు నిమిషాల్లో వస్తుంది. లోహాల నైట్రేట్లనూ యూరియానూ నీళ్లలో కరిగించి లోపల పెడితే, ద్రావణం మరిగి, చిక్కబడి, పొంగి, దానంతటదే అంటుకుంటుంది. ఆ మంట వేడి 1500 డిగ్రీల దాకా పోతుంది. ఫర్నేసు చేసేదల్లా అంటించడమే, కాల్చే పని మిశ్రమానిదే. 1988లో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో జె.జె. కింగ్స్‌లీ, కె.సి. పాటిల్ ప్రచురించిన పద్ధతి ఇది. అల్యూమినియం నైట్రేట్‌కీ యూరియాకీ మధ్య చర్యను చూస్తుండగా అనుకోకుండా దొరికింది. ఫర్నేసులో పెట్టిన మిశ్రమం భగ్గున మండి, తెల్లటి తేలికపాటి నురగ మిగిలింది. పరీక్షిస్తే అది ఆల్ఫా అల్యూమినా. మామూలుగా అల్యూమినియం హైడ్రాక్సైడ్‌ని 1100 డిగ్రీలు దాటించి కాలిస్తే గానీ రాని రూపం అది.

ఐదు నిమిషాలు అన్నాను కదా అని తేలిగ్గా తీసుకోకండి. పని అంతా ఆ ఐదు నిమిషాలకు ముందే ఉంటుంది. లెక్క, తూకం, గిన్నె ఈ మూడూ సరిగ్గా ఉంటే మంట తన పని తాను చేసుకుపోతుంది. ఏ ఒక్కటి తేడా వచ్చినా నీలం బదులు బూడిదరంగు మట్టిలాంటిది మిగులుతుంది.

ఇంకో మాట ముందే చెప్పాలి. ఇది ఫ్యూమ్ హుడ్ (విషవాయువులను బయటికి లాగేసే అర) ఉన్న ల్యాబులో, పక్కన అనుభవం ఉన్నవాళ్లు ఉండగా చేసే ప్రయోగం. ఇంట్లోనో డాబా మీదో చేసేది కాదు. కోబాల్ట్ లవణాలు ఊపిరితిత్తులకూ చర్మానికీ మంచివి కావు. మంటలో అమ్మోనియా, గోధుమరంగు నైట్రోజన్ ఆక్సైడ్లు వస్తాయి.

ముందు లెక్క

ఇందులో నైట్రేట్ ఆక్సిజన్ ఇచ్చేది, యూరియా మండేది. రెండూ ఏ పాళ్లలో కలపాలో చెప్పే కిటుకు రాకెట్ ఇంధనాల రసాయనం నుంచి వచ్చింది. ఒక్కో మూలకానికి ఒక్కో అంకె ఇస్తాం. కార్బన్‌కి +4, హైడ్రోజన్‌కి +1, ఆక్సిజన్‌కి −2. నైట్రోజన్ చివరికి నైట్రోజన్ వాయువుగానే పోతుందని అనుకుంటాం కాబట్టి దానికి సున్నా. లోహానికి, తయారయ్యే ఆక్సైడ్‌లో దానికి ఉండే వేలెన్సీ.

అల్యూమినియం నైట్రేట్‌లో అల్యూమినియం +3, తొమ్మిది ఆక్సిజన్లకు −18. మొత్తం −15. కోబాల్ట్ నైట్రేట్‌లో కోబాల్ట్ +2, ఆరు ఆక్సిజన్లకు −12. మొత్తం −10. యూరియాలో కార్బన్ +4, ఆక్సిజన్ −2, నాలుగు హైడ్రోజన్లు +4. మొత్తం +6.

మన కోబాల్ట్ నీలం రసాయన పేరు కోబాల్ట్ అల్యూమినేట్. అందులో ఒక కోబాల్ట్‌కి రెండు అల్యూమినియంలు. అంటే నైట్రేట్ల వైపు −10, −30 కలిపి −40. దాన్ని సున్నా చేయడానికి యూరియా 40 ÷ 6, అంటే 6.67 మోల్స్ కావాలి. లెక్క ఇంతే. తక్కిన ఏ రంగుకైనా ఇదే దారి. గ్లైసిన్ వాడితే 6 బదులు 9, సిట్రిక్ ఆమ్లం వాడితే 18 వేసుకోండి.

స్ఫటికాల్లో ఉండే నీటికి ఈ లెక్కలో విలువ సున్నా. కానీ తూకంలో దాని బరువు కచ్చితంగా కలుస్తుంది. సీసా మీద నోనాహైడ్రేట్ అని ఉంటే తొమ్మిది నీటి అణువుల బరువు కలిపిన అణుభారమే (375.1) తీసుకోవాలి. విద్యార్థులు ఎక్కువగా తప్పేది ఇక్కడే. నీరు లేని లవణపు అణుభారం వేసి తూచేసి, యూరియా చాలా ఎక్కువైపోయి, చివరికి నల్లటి పొడి ఎందుకొచ్చిందో తెలియక రెండు రోజులు టెన్షన్ పడతారు.

"తయారయ్యే ఆక్సైడ్‌లో ఉండే వేలెన్సీ" అని ఎందుకు అన్నానంటే, కొన్ని లోహాలు మంటలో వేలెన్సీ మార్చుకుంటాయి. సీరియం నైట్రేట్‌లో సీరియం +3, చివరికి వచ్చే సీరియం ఆక్సైడ్‌లో మాత్రం +4. అందుకని దాని లెక్క −15 కాదు, −14. కోబాల్ట్ అల్యూమినేట్‌లో కోబాల్ట్ +2 గానే ఉంటుంది కాబట్టి మనకు ఆ చిక్కు లేదు.

0.01 మోల్ కోబాల్ట్ అల్యూమినేట్‌కి తూకాలు ఇవి:

అల్యూమినియం నైట్రేట్ నోనాహైడ్రేట్: 7.50 గ్రాములు
కోబాల్ట్ నైట్రేట్ హెక్సాహైడ్రేట్: 2.91 గ్రాములు
యూరియా: 4.00 గ్రాములు
డిస్టిల్డ్ వాటర్: 10 నుంచి 15 మి.లీ.

ఇంతా చేస్తే వచ్చే పొడి 1.77 గ్రాములు. ఇంతేనా అనిపిస్తుంది. మొదటిసారి ఇంతకు మించి వద్దు. ఈ కాస్త మిశ్రమం నుంచే దాదాపు 0.3 మోల్ వాయువు పుడుతుంది. నీటి ఆవిరితో కలిపి గది ఉష్ణోగ్రత లెక్కన ఏడు లీటర్లు దాటుతుంది. స్ఫటికాల్లోని నీరు దీనికి అదనం. మంట వేడికి అది ఇంకా ఎన్నో రెట్లు వ్యాకోచించి, కొన్ని సెకన్లలో గిన్నెలోంచి బయటికి రావాలి. పొడి అంత మెత్తగా రావడానికి కారణం కూడా ఈ వాయువే. కణాలు ఒకదానికొకటి అతుక్కునే లోపే విడదీసేస్తుంది, వేడినీ తనతో తీసుకుపోతుంది.

తూకం దగ్గర జాగ్రత్తలు

ఈ రెండు నైట్రేట్లూ గాలిలోని తేమను పీల్చేస్తాయి. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రం పక్క ఊళ్లలో వానాకాలంలో సీసా తెరిస్తే పొడి బదులు తడి ముద్ద కనిపిస్తుంది. దాన్ని తూచితే అందులో నీరెంతో లవణమెంతో తెలియదు. కోబాల్ట్ తక్కువ పడిందా, అల్యూమినియం తక్కువ పడిందా అన్నదాన్ని బట్టి రంగు మారిపోతుంది.

దీనికి విరుగుడు సులువే. క్రూసిబుల్‌లో సరిగ్గా ఒక గ్రాము అల్యూమినియం నైట్రేట్ తీసుకుని, మెల్లగా వేడి పెంచుతూ 1000 డిగ్రీల దాకా తీసుకెళ్లి ఒక గంట ఉంచండి. స్వచ్ఛమైన నోనాహైడ్రేట్ అయితే 0.136 గ్రాముల అల్యూమినా మిగలాలి. కోబాల్ట్ నైట్రేట్‌ని 700 నుంచి 800 మధ్య కాలిస్తే 0.276 గ్రాముల నల్లటి కోబాల్ట్ ఆక్సైడ్ మిగలాలి. అంతకంటే తక్కువ వస్తే ఆ నిష్పత్తిలో తూకం పెంచుకోండి. ఉదాహరణకు అల్యూమినా 0.128 గ్రాములే వచ్చిందనుకోండి. 7.50ని 0.136తో గుణించి 0.128తో భాగిస్తే 7.97. అంత తూచాలి. సీసా తెరిచి ఎన్నాళ్లయిందో తెలియని ప్రతి ల్యాబులోనూ ఈ పరీక్ష తప్పనిసరి అని నా అభిప్రాయం. ఒక్క పూట పని, తర్వాత నెలల తరబడి అనుమానం ఉండదు. మిగిలిన లవణాన్ని డెసికేటర్‌లో (లోపల తేమ లేకుండా ఉంచే మూత పాత్రలో) పెట్టుకోండి.

యూరియా విషయంలో ఒక హెచ్చరిక. ఎరువుల దుకాణంలో దొరికే యూరియా వాడొద్దు. మన దేశంలో 2015 నుంచి వ్యవసాయ యూరియాకి వేప నూనె పూత ఉంటోంది. ఆ నూనె మండే పదార్థమే, మీ లెక్కలో లేనిది. పైగా సబ్సిడీ యూరియాను వేరే పనులకు మళ్లించడం చట్టరీత్యా నేరం. ల్యాబు గ్రేడు యూరియా ఖరీదు ఎలాగూ తక్కువే.

గిన్నె, ఫర్నేసు

గిన్నె పెద్దదిగా, వెడల్పుగా ఉండాలి. పదిహేను మి.లీ. ద్రావణానికి 300 మి.లీ. గిన్నె. వింతగా అనిపించినా అదే సరైన పాళ్లు, ఎందుకంటే నురగ అంచుదాకా వస్తుంది. పొడవుగా సన్నగా ఉండే క్రూసిబుల్‌లో చేస్తే నురగ పైకి తన్నుకొచ్చి ఫర్నేసు గోడలకు అంటుకుంటుంది. తర్వాత ఆ ఫర్నేసులో ఎవరు ఏం కాల్చినా నీలం మరకలే. అడుగు సమతలంగా ఉన్న పింగాణీ గిన్నె గానీ, ఫ్యూజ్డ్ సిలికా గిన్నె గానీ మేలు. బోరోసిలికేట్ గాజు గిన్నెతోనూ చేస్తారు, 500 దాకా పనికొస్తుంది. కానీ దాని మీద చిన్న గీత ఉన్నా ఆ వేడికి పగిలే ప్రమాదం ఉంది. స్టీలు గిన్నె అస్సలు వద్దు. వేడి ఆమ్ల ద్రావణంలోకి ఇనుము దిగి రంగును చెడగొడుతుంది.

ఫర్నేసు ఫ్యూమ్ హుడ్ లోపల గానీ, బలమైన ఎగ్జాస్ట్ కింద గానీ ఉండాలి. తలుపు బిగుతుగా మూసే రకమైతే గొళ్లెం వేయకుండా కాస్త సందు వదలండి. పుట్టే వాయువుకు దారి కావాలి. చుట్టుపక్కల ఆల్కహాల్, ఎసిటోన్ సీసాలు, కాగితాలు ఏవీ ఉండకూడదు. ముఖానికి షీల్డు, చేతికి వేడి తట్టుకునే గ్లోవ్స్, పొడవాటి పట్టకారు. సాధారణ కళ్లద్దాలు సరిపోవు.

మంట

ఫర్నేసును 500కి పెట్టి, అంకె 500 చూపించాక కూడా ఇరవై నిమిషాలు ఆగండి. లోపలి గోడలు నిజంగా ఆ వేడికి రావాలి. ఈ పద్ధతిలో ద్రావణం త్వరగా వేడెక్కడం చాలా ముఖ్యం. చల్లటి ఫర్నేసులో గిన్నె పెట్టి మెల్లగా వేడి పెంచితే యూరియా అంటుకోకముందే విడిపోయి అమ్మోనియాగా ఎగిరిపోతుంది. మిగిలిన నైట్రేట్ గోధుమరంగు పొగ వదులుతూ కుళ్లినట్టు మాడిపోతుంది. మంట రాదు, నీలమూ రాదు. చాలామంది "మాకు రాలేదు" అనేదానికి నేను మొదట అడిగే ప్రశ్న ఇదే: ఫర్నేసు ముందే వేడెక్కిందా?

ఈలోగా మూడు లవణాలనూ గిన్నెలోనే నీళ్లు పోసి గాజు కడ్డీతో కలపండి. కాస్త వేడి తగిలిస్తే నిమిషంలో కరుగుతాయి. ద్రావణం తేటగా, ఎర్రటి గులాబీ రంగులో ఉండాలి. అడుగున ఏమీ పేరుకోకూడదు. కరగని రేణువు ఎక్కడుంటే అక్కడ పాళ్లు తప్పినట్టే. ద్రావణంలో అన్ని అయాన్లూ కలిసిపోయి ఉంటాయన్నదే కదా ఈ పద్ధతికి అసలు బలం. నీళ్లు మరీ ఎక్కువ పోయకండి. ఎక్కువైతే మరగడానికే సమయం పోయి యూరియా నష్టపోతుంది.

గిన్నెను పట్టకారుతో లోపలికి పెట్టి, తలుపు దగ్గరికి వేసి, ఎదురుగా కాకుండా పక్కకు నిలబడండి.

మొదటి ఒకటి రెండు నిమిషాలు మామూలు మరుగుడు. ఆవిరి వస్తుంది. ద్రావణం చిక్కబడుతున్న కొద్దీ గులాబీ కాస్తా ఊదా వైపు తిరుగుతుంది. తర్వాత పాకంలా అయి, పెద్ద పెద్ద బుడగలు వేస్తూ నురగ లేస్తుంది. ఘాటైన వాసన, పొగ. ఇక్కడే చాలామంది కంగారుపడి తలుపు తీసేస్తారు. తీయకండి. తీస్తే చల్లగాలి లోపలికి వెళ్లి వేడి పడిపోతుంది, మంట అంటుకోవాల్సిన చోట మిశ్రమం మాడిపోతుంది. పైగా చిందితే మీ మీదికే.

నురగలో ఎక్కడో ఒక మూల ఎర్రటి చుక్క కనిపిస్తుంది. అది చూస్తుండగానే తెల్లగా మెరుస్తూ పక్కకు పాకి, నురగ మొత్తాన్నీ చుట్టేస్తుంది. సాధారణంగా నిమిషంలోపు అయిపోతుంది. పేలుడు శబ్దం ఉండకూడదు. యూరియాతో చేస్తే భుస్సుమనే చప్పుడే తప్ప పెద్ద శబ్దం రాదు.

మంట ఆరాక ఐదు నిమిషాలు అలాగే ఉంచి ఫర్నేసు ఆపేయండి. గిన్నె లోపలే చల్లారనివ్వండి. వేడి గిన్నెను బయటికి తీసి రాతి బల్ల మీద పెడితే పగులుతుంది. ఇంకొక కారణమూ ఉంది. వచ్చిన నురగ మరమరాల కంటే తేలిక. ఫ్యూమ్ హుడ్ గాలికి లేచిపోతుంది. చల్లారిన గిన్నెను తీయగానే వాచ్ గ్లాసుతో మూసేయండి.

వచ్చినదాన్ని చదవడం

ముదురు నీలం, చేత్తో తాకితే పొడి అయిపోయే నురగ వచ్చిందంటే అంతా సవ్యంగా జరిగింది. కోబాల్ట్ అయాన్ నాలుగు ఆక్సిజన్ల మధ్య కూర్చున్నప్పుడే ఈ నీలం వస్తుంది. అల్యూమినియంతో కలిసి స్పినెల్ అనే స్ఫటిక నిర్మాణం ఏర్పడితే దానికి ఆ చోటు దొరుకుతుంది. కలవకుండా విడిగా ఉండిపోతే నల్లటి కోబాల్ట్ ఆక్సైడ్ అవుతుంది. కాబట్టి రంగే మీ మొదటి పరీక్ష.

నల్లగా వచ్చి, 700 దగ్గర గాలిలో ఒక గంట కాలిస్తే నీలం తేలిందా? యూరియా ఎక్కువైంది, మిగిలిన కార్బన్ కాలిపోయింది. కాల్చినా నలుపు, లేదా ముదురు ఆకుపచ్చ కలిసిన బూడిదరంగు పోలేదా? అది కోబాల్ట్ ఆక్సైడ్. మంట చాలలేదు. ఎక్కువ గోధుమ పొగ వచ్చి, మంటే రాలేదంటే యూరియా తక్కువైంది, లేదా ఫర్నేసు చల్లగా ఉంది. నీలంతో పాటు అక్కడక్కడా తెల్ల మచ్చలుంటే లవణాలు పూర్తిగా కరగలేదు.

యూరియాను లెక్కకు 10 నుంచి 20 శాతం పైన ఒకసారి, కింద ఒకసారి వేసి చూడమని నా సలహా. కాగితం మీద సరైన పాళ్లు ఒకటే అయినా, కొంత యూరియా మంట దాకా రాకుండానే ఎగిరిపోతుంది. అది ఎంతన్నది మీ ఫర్నేసును బట్టి, గిన్నెను బట్టి ఉంటుంది. మూడు పొడులనూ పక్కపక్కన తెల్ల కాగితం మీద రుద్ది పగటి వెలుగులో చూస్తే తేడా తెలిసిపోతుంది. ట్యూబులైటు కింద కోబాల్ట్ రంగుల్ని అంచనా వేయకండి, మోసపోతారు.

పొడిని తూచండి. 1.77 కంటే తక్కువ వస్తే బాధ లేదు, కాస్త ఎగిరిపోయి ఉంటుంది. ఎక్కువ వస్తేనే ఆలోచించాలి. కాలని కార్బనో, నైట్రేట్ మిగులో, తేమో ఉందన్నమాట. దిగుబడి 110 శాతం వచ్చిందని సంతోషంగా రికార్డులో రాసుకున్నవాళ్లూ ఉన్నారు!

ఎక్స్‌ఆర్‌డీ (ఎక్స్‌రేలతో స్ఫటిక నిర్మాణాన్ని చూసే పరీక్ష) తీయించే వీలుంటే తీయించండి, కానీ దాని మీదే ఆధారపడకండి. కోబాల్ట్ ఆక్సైడ్‌కీ కోబాల్ట్ అల్యూమినేట్‌కీ ఒకే స్పినెల్ నిర్మాణం. వాటి సెల్ (స్ఫటికంలో పదేపదే వచ్చే చిన్న గడి) కొలతలు 8.08, 8.10 ఆంగ్‌స్ట్రామ్‌లు. పీకులు దాదాపు ఒకదాని మీద ఒకటి పడతాయి. దానికి తోడు రాగి ఎక్స్‌రే గొట్టం వాడితే కోబాల్ట్ తానే మెరిసి బ్యాక్‌గ్రౌండ్ పెంచేస్తుంది. రిఫ్లెక్టెన్స్ స్పెక్ట్రమ్ (పొడి ఏ రంగు కాంతిని ఎంత తిప్పి పంపుతుందో చూపే గ్రాఫ్) తీయిస్తే 540 నుంచి 640 నానోమీటర్ల మధ్య పక్కపక్కనే మూడు శోషణలు కనిపించాలి. అవే నీలానికి అసలైన సాక్ష్యం.

ఏ యంత్రమూ లేకపోతే ఇంకో దారి. ఒక భాగం పొడికి పది భాగాల టైటానియం డయాక్సైడ్ కలిపి నూరండి. ముదురు రంగులో దాక్కున్న నలుపు, తెలుపుతో కలిసినప్పుడు బయటపడుతుంది. శుభ్రమైన ఆకాశ నీలం వస్తే సరే. బూడిద ఛాయ తగిలితే కోబాల్ట్ ఆక్సైడ్ మిగిలి ఉందన్నమాట.

కడగడం, మళ్లీ కాల్చడం

అగేట్ మోర్టార్‌లో (గట్టి రాతి కల్వంలో) చుక్క ఆల్కహాల్ వేసి నూరండి. పొడిగా నూరితే దుమ్ము లేస్తుంది, కోబాల్ట్ దుమ్ము పీల్చకూడదు. ఎన్95 మాస్కు తప్పనిసరి. తర్వాత వేడి డిస్టిల్డ్ నీళ్లతో కడిగి వడకట్టండి. వడకట్టిన నీరు గులాబీగా ఉంటే చర్యలో పాల్గొనని కోబాల్ట్ లవణం ఉంది. రంగు పోయేదాకా కడిగి, 110 డిగ్రీల దగ్గర ఆరబెట్టండి.

ఇక్కడితో ఆపినా రంగు పనికొస్తుంది. కానీ 900 నుంచి 1000 మధ్య రెండు గంటలు కాలిస్తే నీలం ఇంకా నిండుగా వస్తుంది. "ఇన్‌స్టంట్" అన్న ముచ్చటకు ఇది కాస్త అడ్డే. అయినా నేను ఈ మెట్టు వదిలేయమని చెప్పను, ముఖ్యంగా పొడిని పింగాణీ గ్లేజులో (పింగాణీ మీద గాజులా కరిగే పూతలో) వాడాలనుకుంటే. మరీ సన్నటి కణాలు కరిగిన గ్లేజులో తొందరగా కలిసిపోతాయి. కాల్పుతో కాస్త పెరిగిన కణాలు నిలబడతాయి. పారదర్శక గ్లేజులో 3 శాతం దగ్గర మొదలుపెట్టి ఒక టెస్ట్ టైల్ కాల్చి చూసుకోండి. అన్నం తినే పాత్రల లోపలి వైపు మాత్రం ఇలా ల్యాబులో చేసిన రంగు వేయకండి.

ఇంకో రెండు రంగులు

నీలం చేతికొచ్చాక గులాబీ సులువు. అల్యూమినాలో కొద్దిగా క్రోమియం చేరితే కెంపు రంగు వస్తుంది, కెంపు రాయిలో ఉన్నదీ అదే. అల్యూమినియం నైట్రేట్ నోనాహైడ్రేట్ 14.26 గ్రాములు, క్రోమియం నైట్రేట్ నోనాహైడ్రేట్ 0.80 గ్రాములు, యూరియా 6.00 గ్రాములు. రెండు లోహాలూ +3 కాబట్టి లెక్క ఒక మోల్‌కి 2.5 మోల్స్ యూరియా. రెండు గ్రాములు పైచిలుకు లేత గులాబీ పొడి వస్తుంది. పరిమాణం నీలానికంటే ఎక్కువ కాబట్టి దీన్ని రెండు గిన్నెల్లో పంచి, ఒకదాని తర్వాత ఒకటి చేయండి. క్రోమియం పెంచుకుంటూ పోతే గులాబీ ముదరదు, ఆకుపచ్చ, బూడిదరంగు వైపు పోతుంది. కడిగిన నీరు పసుపుగా వస్తే ఆపండి. అది ఆరు వేలెన్సీ క్రోమియం, విషం, కేన్సర్ కారకం. ఆ నీళ్లను సింకులో పోయకుండా విడిగా సీసాలో పట్టి, ల్యాబు వ్యర్థాల్లో చేర్చండి. ఈ గులాబీ అన్ని గ్లేజుల్లోనూ నిలవదు. జింక్ ఉన్న, కాల్షియం తక్కువ ఉన్న గ్లేజు చూసుకోవాలి.

ఆకుపచ్చకి జింక్ ఆక్సైడ్‌లో కోబాల్ట్. స్వీడన్‌కు చెందిన స్వెన్ రిన్‌మాన్ 1780లో కనిపెట్టిన రంగు ఇది. జింక్ నైట్రేట్ హెక్సాహైడ్రేట్ 5.65 గ్రాములు, కోబాల్ట్ నైట్రేట్ హెక్సాహైడ్రేట్ 0.29 గ్రాములు, ఇంధనంగా గ్లైసిన్ 1.67 గ్రాములు. రెండు లోహాలూ −10, గ్లైసిన్ +9. మోల్‌కి 1.11 మోల్స్.

గ్లైసిన్‌తో జాగ్రత్త ఇంకాస్త ఎక్కువ కావాలి. అమెరికాలోని పసిఫిక్ నార్త్‌వెస్ట్ ల్యాబొరేటరీ వాళ్లు 1990లో గ్లైసిన్-నైట్రేట్ పద్ధతిని ప్రచురించినప్పటి నుంచి చాలా ఆక్సైడ్లకు ఇదే ఇష్టమైన ఇంధనం. లోహ అయాన్లను పట్టి ఉంచుతుంది, ద్రావణం ఎండినా లవణాలు విడిగా స్ఫటికాలు కట్టవు. కానీ మంట యూరియా కంటే చురుకు, పొడి బూడిదలా ఎగురుతుంది. పైన ఇచ్చిన పరిమాణంలో సగంతో మొదలుపెట్టండి, గిన్నె మాత్రం అంతే పెద్దది వాడండి. రాగి, సీరియం నైట్రేట్లతో గ్లైసిన్ మరీ దూకుడుగా మండుతుంది, కొత్తవాళ్లు వాటి జోలికి వెళ్లొద్దు. పాత వ్యాసాల్లో హైడ్రజీన్ ఉత్పన్నాలను ఇంధనంగా వాడినట్టు కనిపిస్తుంది. వాటిలో కొన్ని విషపూరితం. యూరియా, గ్లైసిన్ ఉండగా వాటి అవసరం లేదు.

ఎక్కువ పొడి కావాలంటే

గిన్నె పెద్దది చేయకండి, సార్లు పెంచండి. ఐదు రెట్లు మిశ్రమాన్ని ఒకేసారి పెడితే మధ్యలో వేడి నిలిచిపోయి కణాలు అతుక్కుంటాయి, అంచుల్లో మాడిపోతుంది, వాయువు వేగం చేతికి అందదు. అదే పరిమాణాన్ని వరసగా చేసి, పొడులన్నీ కలిపి ఒకసారి కాలిస్తే రంగు సమంగా ఉంటుంది. ద్రావణాన్ని ముందే కలిపి సీసాలో పెట్టుకోవాలనిపిస్తే నైట్రేట్లు ఒక సీసాలో, యూరియా ఇంకో సీసాలో ఉంచండి. రెండూ కలిపాక అదే రోజు వాడేయాలి. కలిపిన ద్రావణాన్ని హాట్‌ప్లేటు మీద ఎండబెట్టి, ఆ ముద్దను రేపటికి దాచుకోవడం మాత్రం ఎప్పుడూ చేయకండి. నైట్రేట్, ఇంధనం కలిసి ఎండిన ముద్ద ఎక్కడ కాస్త వేడి తగిలితే అక్కడ అంటుకుంటుంది, దాన్ని నూరడం ఇంకా ప్రమాదం. పని మధ్యలో ఆగిపోతే ధారాళంగా నీళ్లు పోసి పలుచన చేసి, కోబాల్ట్ వ్యర్థాల డబ్బాలో పోసి, మీద పేరూ తేదీ రాసిన చీటీ అంటించండి.